సెలవులలో సముద్రయానము



వేసవి సెలవులు రాగానే పుట్టినింటికి ప్రయాణము కట్టుట మన ఉపాధ్యాయ కుటుంబముల ఆచారము. ఇప్పుడు కొందరు ఉపాధ్యాయులు ఆ దినములలో విదేశములకు పోవుచున్నారు. అందును యాత్రా కంపెనీల వెంట గాక, తామే టిక్కెట్టులు కొని, తామే బస చూచుకొని పోవుచున్నారు. “కంపెనీవారుండగా ఈ తిప్పలెందుకమ్మా?” అని వాల్మీకిపురమున ఇరుగుపొరుగు అమ్మలు నన్నడుగుచుందురు. పంతులుగారి యిల్లాలను గావున నాకు తోచిన సమాధానము విన్నవించుచున్నాను.

మొదటిది ధనము. బడులన్నియు ఒక్కమారే మూయుదురు. అందరును ఒక్కమారే బయలుదేరుదురు. ధరలును అప్పుడే పెరుగును. సెలవును ముందునకో వెనుకకో జరుపుకొను స్వాతంత్ర్యము ఉపాధ్యాయునకు లేదు. బసయు, భోజనమును, బయలుదేరు దినమును తానే యెంచుకొన్నచో నాలుగు రూకలు మిగులును.

రెండవది మనస్సు. 1841లో ఇంగ్లండున థామస్ కుక్ అనునతడు సుమారు 500 మందిని లీస్టరు నుండి లఫ్‌బరోకు రైలులో గొనిపోయెను. అట్టి మూకుమ్మడి యాత్రలవలన సామాన్యులకు ప్రయాణము సులభమయ్యెను, వానిని నిందింపరాదు. కాని యేడాది పొడుగున గంటకు లేచి గంటకు కూర్చుండువాడు, విహారయాత్రలలో పిల్లల తలలు లెక్కించి యలసినవాడు, సెలవులలో మరియొకరి జెండా వెంట పరుగిడ నిచ్చగించునా?

మూడవది విద్య. వాల్మీకి పేరు దాల్చిన మన ఊరి పిల్లలకు లంకయన్న కుతూహలము సహజము గదా! చెన్నపట్టణము నుండి కొలంబోకు విమానమున సుమారు గంటన్నర ప్రయాణము. రామాయణ యాత్రల బండ్లు నువర ఎలియ చెంతనున్న సీతమ్మ గుడి చూపి మరలును. అనూరాధపుర ప్రాంతమున అహికుంటకులను వారు కలరు. పాములనాడించుచు ఊరూర సంచరించిన జాతి వారిది. వారి యింటి పలుకు తెలుగు! నేడు పల్లెలలో స్థిరపడినవారి పిల్లలు సింహళమున చదువుకొనుచున్నారు. ఇంట తెలుగు సన్నగిల్లుచున్నది. తెలుగు పంతులొకడు ఆ వాకిట ఒక పూట కూర్చుండి మాటలాడివచ్చినచో, తరగతిలో అతడు చెప్పు పాఠమునకు సాటి యేది? ఐతే వింత చూడబోయినట్లు గాక, చుట్టములను చూడబోయినట్లు పోవలయును.

స్వేచ్ఛతోపాటు బాధ్యతయు వచ్చును. ప్రభుత్వోపాధ్యాయులు విదేశమునకు పోవుటకు ముందుగా శాఖవారి యనుమతి పొందవలయును. లంకలో నైరృతి వర్షములు మే నెల ద్వితీయార్ధమున కొలంబో వైపు మొదలగును. అప్పుడు తూర్పుతీరమున పొడిగా నుండును. ఇట్టివి విచారించిపెట్టు కంపెనీ లేదు గావున మనమే విచారింపవలయును.

ఇక మనమాట. “నీకెందుకా శ్రమ, ఇంటిపట్టున నుండు” మనువారు కొందరు. వెంటగొనిపోయి అక్కడను వంటయే చేయించువారు కొందరు. ఏడాది పొడుగున పొద్దుటి క్యారియరు కట్టిన చేతికి సెలవు అక్కరలేదా? ప్రయాణమునకై అప్పు చేయవద్దు. నెలనెల కొంత వేరుగా దాచుడు. ఆ లెక్క మీ చేతనుంచుకొనుడు. పటము పరచి దారి నిర్ణయించునప్పుడు మీరును ప్రక్కన కూర్చుండుడు. పాస్‌పోర్టుకు దరఖాస్తు వ్రాయునాడు, ఆయనదానితోపాటు మీదియు వ్రాయించుకొనుడు.