స్పోర్ట్స్ కారు: వయస్సు, వెల

దిలీప్ ఛాబ్రియా రూపొందించిన అవంతి స్పోర్ట్స్ కారు 2012 జనవరిలో ఢిల్లీ ఆటో ఎక్స్‌పోలో ప్రదర్శితమైంది. 2015లో దాని వెల సుమారు 36 లక్షల రూపాయలు. రాజధాని ప్రాంతంలో అటువంటి కారును నేడు అమ్మదలచినవారు రెండు లెక్కలు చూసుకోవాలి.

మొదటిది బీమావారి తరుగుదల పట్టిక. ఆరు నెలల లోపు 5 శాతం. నాలుగేళ్ళు దాటి అయిదేళ్ళ లోపు 50 శాతం. అనగా 36 లక్షలు 18 అవుతాయి. మారుతీ కారుకూ ఇదే కొలత. అయితే కరోల్ బాగ్ బజారులో మారుతీని అడిగేవారు పదిమంది ఉంటారు. అవంతి కోసం వచ్చే ఒక్కడూ, తలుపు అద్దం పగిలితే మరొకటి ఎక్కడ దొరుకుతుందని ముందే నిలదీస్తాడు. పట్టికలో ఆ ప్రశ్నకు గడి లేదు.

రెండవది వయస్సు. పదిహేనేళ్ళు నిండిన పెట్రోలు బండ్లు, పదేళ్ళు నిండిన డీజిల్ బండ్లు ఈ ప్రాంతంలో తిరగరాదన్న ఆంక్షను 2018 అక్టోబరులో సుప్రీంకోర్టు బలపరచింది. భారత్ స్టేజ్-4, ఆపై ప్రమాణాల బండ్లపై కేవలం వయస్సును బట్టి చర్య వద్దని 2025 డిసెంబరులో ఆ న్యాయస్థానమే చెప్పింది. అంతకంటె పాత ప్రమాణాల బండ్లకు ఆ ఊరట లేదు.

యాభై ఏళ్ళు దాటిన కారుకు మాత్రం 2021 నిబంధనలు వింటేజ్ హోదా ఇస్తాయి. చిక్కల్లా నడుమనున్న 35 సంవత్సరాలతోనే! పాశ్చాత్య దేశాలలో అరుదైన కార్ల ధర తిరిగి లేచేది తరచు ఆ కాలంలోనే. ఇక్కడి యజమాని మాత్రం నిరభ్యంతర పత్రం పుచ్చుకొని పరరాష్ట్రంలో గిరాకీ వెదకాలి. ఆ సంగతి కొనేవానికీ తెలుసు. బేరం అక్కడినుండే మొదలుపెడతాడు.