ఘనత ఒకరిది, భారం అందరిది



ఉన్నవాళ్లు ఆడంబరంగా పెళ్లి చేస్తే పదిమందికి పని దొరుకుతుందన్న మీ పత్రికలోని వ్యాసంతో సగమే ఏకీభవిస్తాను. వంటవాళ్లకు, మేళగాళ్లకు కూలి ముడుతుంది, నిజమే. కానీ ఆ ఘనతే బంధువర్గంలో కొలమానమై, లేనివాళ్లను అప్పుల్లోకి దించుతుంది. ఆ భారం ఇరుగుపొరుగు మీదా పడుతుంది: నివాస ప్రాంతాల్లో రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా శబ్ద పరిమితి 45 డెసిబెల్స్. డీజేలు దాన్ని లెక్కచేయవు. 2022 జూలై 1 నుంచి నిషేధంలో ఉన్న ప్లాస్టిక్ గ్లాసులు కాలువలకు అడ్డం పడితే ఎత్తిపోసేది సఫాయి కార్మికులు. పని కల్పించడమే ఉద్దేశమైతే, ఛత్తీస్‌గఢ్ అడవుల్లో మహిళలు కుట్టే సాల్ ఆకుల విస్తళ్లలో వడ్డించండి. పది కొట్టేలోపే డీజే ఆపించండి.

– ఒక పాఠకుడు, గుఢియారీ, రాయ్‌పూర్