ఇంట్లోవాళ్లకు మన దాకా ఫోన్ చేయడం తెలుసా?



పోయిన చలికాలం మా సైటులో షట్టరింగ్ పని చేసే ఒక తమ్ముని నాయిన ఊళ్లో చనిపోయిండు. రాత్రి పదకొండు దాటినంక ఇంటామె వాట్సాప్ కాల్ చేసింది. ఇక్కడ ఫోన్ మోగింది, ఇతను ఎత్తిండు, మాట వినపడలేదు. మళ్లీ మోగింది, మళ్లీ అంతే. తెల్లవారి నాలుగున్నరకు డ్యూటీ బస్సు. 'రేపు మాట్లాడుదాం' అనుకొని పండుకున్నడు. మరునాడు మధ్యాహ్నం అన్నం తినేటప్పుడు పక్క ఊరి మనిషి వచ్చి 'నువ్వింకా ఇక్కడనే ఉన్నవా' అని అడిగితే అప్పుడు తెలిసింది. అప్పటికి ఊళ్లో దహనం కూడా అయిపోయింది.

ఎమిరేట్స్‌లో వాట్సాప్ కాల్ నడవదు. మెసేజ్ పోతది, ఫోటో పోతది, వాయిస్ మెసేజ్ పోతది, కాల్ మాత్రం కలవదు. ఈ సంగతి మనకు వచ్చిన మొదటి వారమే తెలుస్తది. ఇంట్లోవాళ్లకు ఎవరు చెప్పిండ్రు? కువైట్‌లో ఉన్న తమ్మునితో వాట్సాప్‌లో మంచిగా మాట్లాడిన ఆడమనిషి, దుబాయ్‌లో ఉన్న మొగుడు ఎందుకు మాట్లాడతలేడని అనుమానపడుతది. ఈ అనుమానం మీద జరిగిన కొట్లాటలు రూముల్లో నేను చాలా చూసిన.

మామూలు ఫోన్ చేద్దామంటే అక్కడ ఇంకో చిక్కు. మన ఊళ్లో అందరు వేసుకునే అన్‌లిమిటెడ్ రీఛార్జ్ ఇండియా లోపలి కాల్స్‌కే. దుబాయ్ నెంబరుకు చేయాలంటే విడిగా బాలెన్స్ ఉండాలె, ఐఎస్‌డి తెరిచి ఉండాలె. నంబరు ముందు 00971 కొట్టాలని కూడా చాలామందికి తెలియదు. అంటే ఆ రాత్రి ఆమె చేతిలో ఫోన్ ఉంది గాని, మొగుని దాకా పోయే దారి లేదు. వాయిస్ మెసేజ్ పెడితే పోయేది. ఏడుస్తున్న మనిషికి అది తోచలేదు. ముందే చెప్పి ఉంటే తోచేది.

ఇక మన వైపు ఖర్చు. బోటిమ్ లాంటి, ప్రభుత్వం ఒప్పుకున్న యాప్‌లు ఉన్నయి. ఎతిసలాత్ గాని డు గాని అమ్మే ఇంటర్నెట్ కాలింగ్ ప్యాక్ వేసుకొని వాటితో మాట్లాడాలె. నెల ప్యాక్ 50 దిర్హాముల దగ్గర ఉంటది. వెయ్యి దిర్హాముల జీతగానికి అది ఒక రోజు కూలి కంటే ఎక్కువే. అందుకే మన పిల్లలు వీపీఎన్ పెట్టుకుంటున్నరు. రూములో ఒకడు పెడితే పదిమంది పెడుతరు. నేను వాళ్లను తిట్టను, ఎందుకు చేస్తున్నరో నాకు తెలుసు. కానీ 2021లో వచ్చిన సైబర్ చట్టం చూడండి. వీపీఎన్ ఊరికె ఉండుడు నేరం కాదు, దాన్ని అడ్డం పెట్టుకొని నేరం చేసినట్టు తేలితే జైలు, 5 లక్షల నుంచి 20 లక్షల దిర్హాముల దాకా జరిమానా రాసి ఉంది. ఆ చట్టం మంచిదా కాదా అని మాట్లాడే జాగ మనది కాదు. ఇంకోటి, ఫ్రీ వీపీఎన్ నడిపేవాడు మన మీద దయతో నడుపుతలేడు. అదే ఫోన్‌లో మీ బ్యాంకు యాప్ ఉన్నది, మరిచిపోకండి.

ప్యాక్ తీసుకునే ముందు అది సిమ్ డేటా మీదనేనా, క్యాంపు వైఫై మీద కూడా నడుస్తదా అని షాపులో అడగండి. ఇంట్లో ఫోన్‌ల కూడా అదే యాప్ ఉండాలె. ప్యాక్ కొనలేని నెల వాయిస్ మెసేజ్‌లతో గడపండి. చదువు రాని అమ్మ కూడా బటన్ నొక్కి మాట్లాడగలదు. పైగా ఆమె గొంతు పదిసార్లు వినొచ్చు, కాల్‌ల ఆ సౌకర్యం లేదు.

పిల్లలతో మాట్లాడే టైము గురించి ఒక మాట. మనకంటే ఇండియా గంటన్నర ముందు. డ్యూటీ దిగి, వండుకొని, తొమ్మిదికి చేస్తే అక్కడ పదిన్నర, పిల్లలు పండుకొని ఉంటరు. జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడు దాకా ఎండల పని బంద్ కదా. రెండున్నరకు చేయండి, అక్కడ నాలుగు, బడి విడిచే టైము.

ఇండియా సిమ్ ఇక్కడ ఫోన్‌ల వేసుకునేవాళ్లు చాలామంది ఉన్నరు. బ్యాంకు ఓటీపీ కోసం అది కావాలె, దాని రీఛార్జ్ తప్పించకండి. కానీ రోమింగ్‌ల ఉన్న ఆ నంబరుకు కాల్ వస్తే ఎత్తకండి. చేసినోళ్లకు లోకల్ కాలే, ఎత్తిన మనకు నిమిషానికి పైసలు కోసుకుంటరు. ఇంట్లోవాళ్లకు కూడా ఆ నంబరుకు చేయొద్దని చెప్పండి. డేటా రోమింగ్ ఆపి పెట్టండి. లీవుకు పోయేటప్పుడు ఇక్కడి సిమ్‌ది కూడా విమానం ఎక్కకముందే ఆపండి.

ఫోన్‌ల పది దిర్హాముల బాలెన్స్ ఎప్పుడూ ఉంచండి, ఆపద రోజు డేటా అయిపోయినా మామూలు కాల్ పోతది. కంపెనీతో గొడవ వచ్చి దిక్కు తోచనప్పుడు దుబాయ్‌లోని ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం నంబరు 800 46342. దానికి పైసలు పడవు.

ఈ ఆదివారం ఇంటికి చేసినప్పుడు రెండు నంబర్లు రాపియ్యండి, మీది ఒకటి, మీ రూము దోస్తుది ఒకటి, ముందు 00971 తోటి. కాయితం మీద కాదు, గోడ క్యాలెండరు మీద. ఇంట్లో ఒక్కరి ఫోన్‌ల ఐఎస్‌డి బాలెన్స్ వేయించి, ఒకసారి మీకు కాల్ చేయించి చూడండి. యాప్ పెట్టుకోవడం రానివాళ్లు గ్రూపుల అడగండి, సాయంత్రం ఎనిమిది తర్వాత చూపిస్త. ఫోన్‌తో పాటు ఛార్జర్ కూడా తెచ్చుకోండి.