ఆట కిటికీలోనే ఉండనిద్దాం

మా బడి కంప్యూటర్ గదిలో ఎనిమిది కంప్యూటర్లు ఉన్నాయి. పనిచేసేవి అయిదు. హోసూరు చుట్టుపక్కల తెలుగు మాధ్యమం బడులను చూసినవారికి ఈ లెక్క కొత్తగా అనిపించదు. ఆ అయిదింటిలో ఒకదాని దగ్గర పోయిన ఏడాది జరిగిన చిన్న సంగతి మా ఉపాధ్యాయులందరినీ ఆలోచనలో పడేసింది.

ఏడో తరగతి అమ్మాయి ఒకతె వాళ్ల అవ్వ చెప్పిన చెరువు కథను బడి పత్రిక కోసం తెలుగులో టైపు చేస్తోంది. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు మీద ఒక్కో అక్షరం వెతుక్కుంటూ శనివారం పూటంతా కూర్చొని ఒక పేజీ పూర్తి చేసింది. నీళ్లు తాగి వద్దామని లేచింది. ఖాళీ కుర్చీ కనబడగానే ఆరో తరగతి పిల్లవాడు వచ్చి కూర్చొని ఆట తెరిచాడు. ఆట తెరనంతా ఆక్రమించింది. కాసేపటికి బిగుసుకుపోయింది, తెర నల్లబడింది. వాడికి తెలిసిన మందు ఒక్కటే: పవర్ బటన్ నొక్కి పట్టుకోవడం. కంప్యూటర్ మళ్లీ లేచేసరికి చెరువు కథ లేదు.

వాణ్ని మందలిస్తే, "నాకు కథ కనబడలేదు సార్, అక్కడ ఆట ఒక్కటే ఉంది" అన్నాడు. వాడు అబద్ధం చెప్పలేదు. తెరనిండా ఆట ఉంటే దాని వెనక ఏముందో ఎవరికీ కనబడదు.

ముందుగా మా తప్పు ఒప్పుకోవాలి. రెండు వాక్యాలకొకసారి సేవ్ చేసుకోవాలని ఆ అమ్మాయికి మేము గట్టిగా నేర్పలేదు. ఆ తర్వాత చేసింది ఇంకో తప్పు. ఆటలన్నీ ఆపేశాం. రెండు వారాల్లో మధ్యాహ్నం గంటలో కంప్యూటర్ గది బోసిపోయింది. ఆటకోసం వచ్చిన పిల్లలే వరుస వచ్చేవరకు పక్కన కూర్చొని తెలుగు టైపు చేసేవారని అప్పుడు తెలిసింది. ఆట పోయేసరికి తెలుగూ పోయింది. అందుకే ఆటలను వెనక్కి తెచ్చాం. కానీ ఒక షరతు పెట్టాం: ఏ ఆటైనా కిటికీలోనే ఆడాలి, తెరనిండా తెరవకూడదు.

ఈ షరతును మన బడులన్నీ పెట్టుకోవాలని మా అభిప్రాయం. కారణాలు చెబుతాం.

ఆట తెరనంతా ఆక్రమించడం పాత అలవాటు. డాస్ రోజుల్లో కంప్యూటర్ ఒకసారికి ఒకే పని చేసేది, కాబట్టి ఆటకు తెరంతా ఇవ్వడం తప్పనిసరి. 1990లో విండోస్ 3.0తో పాటు పేకముక్కల ఆట సాలిటైర్ వచ్చింది. ఎంతోమంది గుమస్తాలు, ఉపాధ్యాయులు మౌస్‌తో లాగడం, వదలడం దానిమీదే నేర్చుకున్నారు. 1992లో విండోస్ 3.1తో మైన్‌స్వీపర్ వచ్చింది. రెండూ చిన్న కిటికీలో నడిచే ఆటలే. పక్కన ఉత్తరం తెరిచి ఉంచుకొని ఆడుకునేవాళ్లం. ఆట పనికి అడ్డురాకుండా పక్కనే ఉండగలదని అప్పుడే చూశాం. తర్వాత మరచిపోయాం.

మొదటి కారణం పాత కంప్యూటర్ల ఆరోగ్యం. చాలా పాత ఆటలు 640 × 480 లేదా 800 × 600 చుక్కల తెర కోసం చేసినవి. మన దగ్గరున్న మానిటర్లు ఎక్కువగా 1366 × 768వి. తెరనిండా తెరిస్తే అలాంటి ఆట మానిటర్ కొలతనే మార్చేస్తుంది. సరిగ్గా మూసుకుంటే ఫరవాలేదు. మధ్యలో ఆగిపోతే మాత్రం కొలత వెనక్కి రాక బొమ్మలన్నీ పెద్దవై చెదిరిపోతాయి, లేదా తెర నల్లగా ఉండిపోతుంది. పిల్లల చేయి పవర్ బటన్ మీదికి పోతుంది. అలా పదేపదే ఆర్పితే డిస్కులోని ఫైళ్లు చెడతాయి. పట్నం బడిలో కంప్యూటర్ చెడితే వారంలో బాగవుతుందేమో, మన దగ్గర ఏడాది మూలన పడుతుంది. అదే ఆట కిటికీలో బిగుసుకుంటే ఆ కిటికీ ఒక్కటి మూసేస్తే చాలాసార్లు సరిపోతుంది, మిగతా పని ఉన్నచోటే ఉంటుంది.

ఇంకో చిన్న సంగతి. నాలుగుకు మూడు నిష్పత్తిలో గీసిన బొమ్మను వెడల్పు తెర మీద సాగదీస్తే వృత్తం కోడిగుడ్డులా కనబడుతుంది. లెక్కల ఆటలో చతురస్రం దీర్ఘచతురస్రమైతే పిల్లలకు మనం ఏం నేర్పుతున్నట్టు?

రెండో కారణం మాకు అన్నిటికన్నా ముఖ్యమైనది. మన పిల్లలు ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం లేదా కన్నడం మాట్లాడతారు. 2006 నాటి తమిళ అభ్యసన చట్టం వచ్చాక తమిళనాడులోని తెలుగు మాధ్యమం పిల్లలు తమిళమూ తప్పనిసరిగా చదువుతున్నారు. పైన ఇంగ్లీషు ఎలాగూ ఉంది. ఆటలేమో దాదాపు అన్నీ ఇంగ్లీషులో. అలాంటి ఆట తెరనంతా నింపితే ఆ గంటసేపు పిల్లవాడి ముందు తెలుగు అక్షరం ఒక్కటీ ఉండదు. మాతృభాషలో ప్రాథమిక విద్యకు వసతి కల్పించాలని 1956లో ఏడో సవరణతో రాజ్యాంగంలో చేరిన 350ఎ అధికరణం చెబుతుంది. కానీ మన బడి తెరమీద తెలుగు ఉంచాల్సింది ఏ అధికరణమూ కాదు, మనమే.

కిటికీతో అది సులువవుతుంది. 1366 చుక్కల వెడల్పు తెరలో 800 చుక్కల ఆట పోగా పక్కన ఇంకా 566 చుక్కల చోటు మిగులుతుంది. అందులో నోట్‌ప్యాడ్ తెరిచి తెలుగు కీబోర్డు పెట్టాం. ఆటలో కొత్త మాట ఎదురైనప్పుడల్లా పిల్లలు దాన్ని తెలుగులో రాసి, పక్కన అర్థం, తెలిస్తే తమిళ మాట కూడా రాస్తారు. పది మాటలు రాసినవారికి ఇంకో పది నిమిషాలు ఆట. 'షీల్డ్'కు డాలు అని రాసినవాడు, 'లెవెల్'కు అంతస్తు అనాలా, మెట్టు అనాలా అని పక్కవాడితో వాదించాడు. ఆ వాదన మా తెలుగు పీరియడ్‌లో ఎన్నడూ వినలేదు. ఇప్పుడు మూడు తరగతులవారి మాటల పట్టీ ఒకటి తయారవుతోంది.

మూడోది గడియారం. తెరనిండా ఉన్న ఆట కింది పట్టీలోని సమయాన్ని దాచేస్తుంది. అయిదు కంప్యూటర్ల దగ్గర ఇరవైమంది కాచుకొని ఉన్నప్పుడు సమయం అందరికీ కనబడాలి. ఇప్పుడు "నా వంతు ఇంకా రాలేదు" అనే తగవు తగ్గింది, ఎందుకంటే వెనక నిలబడినవాడూ గంట చూసుకోగలడు.

దీనికి ఎదురు మాటలూ ఉన్నాయి, వాటిలో నిజం ఉంది. తెరనిండా ఉంటేనే మనసు ఆటమీద నిలుస్తుందని ఒక సహోపాధ్యాయిని అన్నారు. ఒకటి, రెండు తరగతుల పిల్లల విషయంలో ఆమె మాటే ఒప్పు. మౌస్ ఇంకా చేతికి అలవడని పిల్లలు కిటికీ బయట నొక్కి ఆటను పోగొట్టుకొని ఏడుస్తారు. వాళ్లు టక్స్ పెయింట్‌లో బొమ్మలు గీసేటప్పుడు తెరనిండానే పెడుతున్నాం. కాకపోతే ఆ పూట ఆ కంప్యూటర్‌లో ఇంకెవరి పనీ తెరిచి లేదని ముందు చూసుకుంటాం. చూపు తక్కువైన పిల్లలకూ పెద్ద బొమ్మ కావాలి, వాళ్లకు షరతు లేదు. కొన్ని ఆటలు పాత కంప్యూటర్లలో కిటికీలో కాస్త నెమ్మదిగా నడుస్తాయన్నదీ నిజమే, ఎందుకంటే ఆటతో పాటు మిగతా తెరనూ కంప్యూటర్ గీస్తూ ఉండాలి. మరీ నెమ్మదించిన ఆటను మేము తీసేశాం. పిల్లలు రెండు రోజులు అలిగారు, మూడో రోజు ఇంకోటి వెతుక్కున్నారు.

చేయడం కష్టం కాదు. చాలా ఆటల్లో ఆల్ట్, ఎంటర్ మీటలు కలిపి నొక్కితే తెరనిండా ఉన్నది కిటికీలోకి వస్తుంది. బ్రౌజర్‌లో ఆడేవాటికి ఎఫ్ 11. రెండూ పనిచేయకపోతే ఆట సెట్టింగుల్లో తెరకు సంబంధించిన చోట 'విండోడ్' అనే మాట వెతకాలి. టక్స్ పెయింట్‌కైతే సెట్టింగుల కోసం వేరే ప్రోగ్రామే ఉంది, అందులోనే తెలుగునూ ఎంచుకోవచ్చు. విండోస్ 7 నుంచి విండోస్ మీటతో ఎడమ బాణం నొక్కితే తెరిచి ఉన్న కిటికీ సగం తెరలోకి సర్దుకుంటుంది. ఈ సంగతులన్నీ తెలుగులో చార్టు మీద రాసి గోడకు అంటించాం. అందుకు ఒక అట్ట, ఒక స్కెచ్ పెన్ను ఖర్చయ్యాయి.

బళ్లారిలో, బరంపురంలో, యానాంలో ఉన్న తోటి ఉపాధ్యాయులను మేము కోరేది ఒక్కటే. కొత్త కంప్యూటర్లు వచ్చేదాకా ఆగకండి. ఉన్నవాటిలో ఆటను కాస్త పక్కకు జరిపి తెలుగుకు చోటివ్వండి. మీ పిల్లలు రాసిన మాటల పట్టీలను మాతో పంచుకోండి. ఒడియా, కన్నడ మాటలు పక్కన చేరితే పట్టీ ఇంకా బాగుంటుంది.

చెరువు కథను ఆ అమ్మాయి మళ్లీ రాసింది. ఈసారి ఆరో తరగతి పిల్లవాడు పక్కన కూర్చొని అవ్వ మాటలు చదివి వినిపించాడు. ప్రతి రెండు వాక్యాలకూ సేవ్ నొక్కింది కూడా వాడే.