మంచుకొండకు ఇంటిల్లిపాదీ

ప్రశ్న: మాది బోయినపల్లి. మా మరిది జర్మనీలోని మ్యూనిక్‌లో ఇంజనీరు. ఈ చలికాలం మేమంతా వస్తే, పక్కనే ఉన్న ఆస్ట్రియా మంచుకొండల్లో వారం రోజులు గడుపుదామంటున్నాడు. మొత్తం ఎనిమిది మందిమి. మరిదికి స్కీయింగ్ బాగా వచ్చు. తోటికోడలు రెండేళ్ళుగా నేర్చుకుంటోంది. మావారికీ, నాకూ, పదమూడేళ్ళ పాపకూ, ఏడేళ్ళ బాబుకూ మంచు అంటే ఫ్రిజ్‌లో చూడడమే. అత్తగారికి 62 ఏళ్ళు. షుగరు ఉంది, ఇన్సులిన్ తీసుకుంటారు, మోకాళ్ళ నొప్పులు. మామగారికి 67. బి.పి. మాత్రలు వాడుతున్నారు. మరిది ఓబర్‌గుర్గల్, సాంక్ట్ ఆంటోన్, జెల్ ఆమ్ జే అని మూడు ఊళ్ళ పేర్లు పంపి ఏదో ఒకటి మమ్మల్నే ఎంచుకోమన్నాడు. ఏ ఊరైతే అందరి ఆరోగ్యానికీ మంచిది?

ఇంకొక మాట. మొన్న కొండగట్టు మెట్లెక్కుతుంటే మామగారు సగంలో ఆగిపోయారు. ఛాతీ మీద బరువు పెట్టినట్టుందట. కూర్చుంటే తగ్గింది. చెరువు కట్ట మీద వడిగా నడిచినా అలాగే ఉంటుందట. "బిడ్డా, ఈ ముచ్చట చిన్నోనికి చెప్పకు, ప్రయాణం ఆపేస్తడు" అని నాతో ఒట్టు వేయించుకున్నారు. నేను చెప్పాలా, మానాలా?
– ఒక సోదరి, బోయినపల్లి

జవాబు: అమ్మా, మీరు ఆఖరున రాసిన సంగతికే ముందు జవాబు చెబుతాను. నడిచినప్పుడు, మెట్లెక్కినప్పుడు ఛాతీ బరువెక్కి, కూర్చోగానే తగ్గడం గుండె కండరానికి రక్తం చాలడం లేదనడానికి గుర్తు కావచ్చు. దీన్నే యాంజైనా అంటారు. ఇది గ్యాసో, నీరసమో అని సరిపెట్టుకోవద్దు. ప్రయాణం ఉన్నా లేకపోయినా ఈ వారంలోనే మామగారిని గుండె డాక్టరుకు చూపించండి. కూర్చున్నప్పుడు కూడా నొప్పి వచ్చినా, పదిహేను నిమిషాల్లో తగ్గకపోయినా, చెమటలు పట్టినా ఒక్క క్షణం ఆలస్యం చేయకుండా 108కి ఫోన్ చేయండి.

ఒకటి గుర్తుంచుకోండి. విశ్రాంతిగా పడుకున్నప్పుడు తీసిన ఇ.సి.జి. బాగుందన్నంత మాత్రాన గుండె బాగుందని కాదు. శ్రమ పడినప్పుడు వచ్చే నొప్పి శ్రమ పెట్టి చూస్తేనే బయటపడవచ్చు. ట్రెడ్‌మిల్, ఎకో, అవసరమైతే యాంజియోగ్రామ్ – ఏది కావాలో డాక్టరు నిర్ణయిస్తారు. మామగారంతట తాము ట్రెడ్‌మిల్ ఎక్కి చూసుకోకూడదు.

ఇక ఒట్టు సంగతి. ఆయన బాధ నాకు అర్థమవుతోంది. కొడుకు ఉండే దేశం ఒక్కసారి చూడాలన్న కోరిక ఆయనది. "మామా, చెబితే ప్రయాణం ఆగిపోతుందని భయపడుతున్నారు. చెప్పకపోతే పరాయి దేశంలో, మంచులో, మీ అబ్బాయి ఎదుటే అది బయటపడవచ్చు" అని ఆయనకే నచ్చచెప్పండి. ముందు మీవారికి చెప్పి, ఇద్దరూ కలిసి డాక్టరు దగ్గరకు తీసుకువెళ్ళండి. ఒప్పుకోకపోతే ఒట్టు పక్కన పెట్టండి. ప్రాణానికి సంబంధించిన విషయంలో మాట తప్పడం తప్పు కాదు. జబ్బు తేలి, మందులతోనో, స్టెంట్‌తోనో నెమ్మదించిన తర్వాత ఎంతోమంది హాయిగా ప్రయాణాలు చేస్తున్నారు. ఎప్పుడు బయలుదేరవచ్చో డాక్టరునే అడగండి. ఆయన సరేననే దాకా టిక్కెట్లు కొనవద్దు.

ఇప్పుడు ఊరి సంగతి. చాలామంది స్కీయింగ్ బాగా వచ్చిన వారి ఇష్టాన్ని బట్టి ఊరు ఎంచుకుంటారు. మిగతావారు హోటల్ గదిలో కూర్చుని కిటికీలోంచి చూస్తారు. మీరు అందుకు తలకిందులుగా ఆలోచించండి. గుంపులో అందరికన్నా బలహీనులైన వారికి ఏ ఊరు సరిపోతుందో చూడండి. నేర్పరులకు ఎక్కడైనా కొండ దొరుకుతుంది. మోకాళ్ళ నొప్పులున్న అత్తగారికి చదునైన బాట అన్నిచోట్లా దొరకదు.

మీ కరీంనగర్ ప్రాంతం సముద్రమట్టానికి 300 మీటర్ల అటూ ఇటూ ఉంటుంది. ఎత్తు వల్ల వచ్చే తలనొప్పి, వాంతులు, ఆయాసం సాధారణంగా 2,500 మీటర్లు దాటిన తర్వాత మొదలవుతాయి. ఆస్ట్రియా ఊళ్ళు మనం అనుకున్నంత ఎత్తులో లేవు. జెల్ ఆమ్ జే 757 మీటర్లు, సాంక్ట్ ఆంటోన్ 1,304, ఓబర్‌గుర్గల్ 1,930. మన మనాలీ 2,000 మీటర్ల పైన, గుల్మార్గ్ 2,650 మీటర్ల ఎత్తున ఉన్నాయి. కేదార్‌నాథ్ అయితే 3,500 దాటుతుంది. కనుక ఆ ఊళ్ళలో బస చేయడం వల్ల ఊపిరాడదన్న భయం లేదు. అసలు భయం చలితో, జారే నేలతో, తీగల మీద నడిచే కేబుల్ కార్లతో.

సాంక్ట్ ఆంటోన్ స్కీయింగ్ పాఠాలకు పేరుపడ్డ ఊరు. 1921లో హాన్నెస్ ష్నైడర్ అక్కడే శిక్షణ బడి పెట్టాడు. కానీ దానికి పేరు తెచ్చినవి నిటారు వాలులు. మీ మరిదికి పండుగే గాని మీకు కాదు. ఓబర్‌గుర్గల్‌లో మంచుకు లోటుండదు, కొత్తవారికి తగిన వాలులూ ఉన్నాయి. అయితే అది లోయకు చిట్టచివరి ఊరు. పెద్ద ఆసుపత్రి చాలా దూరం. గుండె జబ్బు అనుమానం ఉన్నవారితో నేను అక్కడికి వెళ్ళమనను.

మీకు జెల్ ఆమ్ జే సరిపోతుంది. రైలు ఊరి నడుమకే వస్తుంది. ఊళ్ళోనే ఆసుపత్రి ఉంది. సరస్సు ఒడ్డున చదునుగా నడవవచ్చు. ఊరి వెనకనే ఉన్న ష్మిటెన్‌హోహె కొండ ఎత్తు 1,965 మీటర్లు. స్కీయింగ్ రానివారు కూడా కేబుల్ కారులో పైకెళ్ళి, మంచు చూసి, వేడిగా ఏదైనా తాగి దిగి రావచ్చు. డాక్టరు సరేనంటే మామగారికీ, అత్తగారికీ అది చాలు. పక్కనున్న కిట్జ్‌స్టైన్‌హార్న్ మీది కేబుల్ కారు మాత్రం 3,029 మీటర్లకు తీసుకుపోతుంది. అక్కడ గాలిలో అందే ప్రాణవాయువు సముద్రతీరంలో అందే దానిలో సుమారు 70 వంతులే. కాసేపట్లోనే అంత ఎత్తుకు చేరడం మామగారికి తగదు. అక్కడికి మరిదీ, తోటికోడలూ వెళ్ళిరావచ్చు.

ఒక చిక్కు ఉంది. ఊరు తక్కువ ఎత్తులో ఉంది కనుక డిసెంబరులో వీధుల్లో మంచు ఉండకపోవచ్చు. జనవరి రెండో సగం మేలు. అప్పటికీ కింద లేకపోతే కొండపైన ఉంటుంది.

అత్తగారికి: ఇన్సులిన్ గడ్డకడితే పనికిరాదు. విమానంలో చేతిసంచిలోనే ఉంచుకోవాలి. బయట తిరిగేటప్పుడు ఒంటికి ఆనుకున్న లోపలి జేబులో పెట్టుకోవాలి. షుగరు చూసే యంత్రం కూడా చలిలో తప్పు చూపవచ్చు, గదిలో చూసుకోండి. షుగరు వల్ల పాదాల స్పర్శ తగ్గి ఉండవచ్చు. కాళ్ళు చల్లబడ్డాయని హీటరు దగ్గర పెట్టినా, వేడినీళ్ళ సంచి ఆనించినా తెలియకుండానే కాలిపోతాయి. రోజూ రాత్రి పాదాలు చూడండి. గడ్డకట్టిన నేల మీద చీరె కుచ్చిళ్ళు ప్రమాదం. ఉన్ని పైజామా, దానిపై సల్వారు మేలు. బూట్లకు తగిలించుకునే ఇనుప ముళ్ళు, చేతికర్ర తప్పనిసరి. ఈ వయసులో తుంటి ఎముక విరిగితే కోలుకోవడం కష్టం.

మామగారికి: చలికి రక్తనాళాలు ముడుచుకుని బి.పి. పెరుగుతుంది, గుండెకు పని ఎక్కువవుతుంది. భోజనం చేయగానే చల్లగాలిలో ఎత్తు ఎక్కకూడదు. ముక్కూ నోరూ మఫ్లరుతో కప్పుకోవాలి. వేడి కోసమని మద్యం ముట్టకూడదు. అది ఒంటి వేడిని బయటకు పోగొడుతుంది. మందులు రెండు చోట్ల సర్దుకుని, చీటీ వెంట ఉంచుకోవాలి. అక్కడ అంబులెన్సుకు 144, యూరప్ అంతటా అత్యవసరానికి 112.

మీ నలుగురికి: మొదటి మూడు రోజులు శిక్షకుడి దగ్గరే నేర్చుకోండి, మరిది దగ్గర కాదు. ఆస్ట్రియాలో నీలం గుర్తున్న వాలు తేలిక, ఎరుపు మధ్యరకం, నలుపు కష్టం. నీలం దాటవద్దు. పిల్లలకూ, పెద్దలకూ హెల్మెట్, నల్లకళ్ళద్దాలు ఉండాలి. మంచు మీద పడి తిరిగొచ్చే ఎండ కళ్ళను కాలుస్తుంది. స్కీయింగ్‌లో ఎక్కువగా దెబ్బతినేది మోకాలు. ఆరువారాల ముందునుంచే చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేచి కూర్చోవడం రోజూ ముప్పైసార్లు చేయండి. అలసిపోయామనిపించగానే ఆపండి. స్కీలు అద్దెకిచ్చేవారు బరువు, వయసు, అనుభవం అడుగుతారు. ఉన్నదున్నట్టు చెప్పండి. పడినప్పుడు బూటు ఊడివచ్చే బిగింపును ఆ లెక్కతోనే సరిచేస్తారు.

ఆఖరుగా బీమా. వీసాకు కనీసం 30,000 యూరోల వైద్యబీమా అడుగుతారు. ముందునుంచీ ఉన్న జబ్బులకూ, స్కీయింగ్ దెబ్బలకూ వర్తిస్తుందో లేదో చదివి సంతకం పెట్టండి. కొండమీదనుంచి హెలికాప్టరులో దించవలసి వస్తే ఖర్చు భరించలేరు. మామగారి ఛాతీ బరువు సంగతి దాచి బీమా తీసుకుంటే అది అవసరమైన రోజున అక్కరకు రాదు.

అందరూ కలిసి వెళ్ళండి. ఈ చలికాలం డాక్టరు వద్దంటే వచ్చే ఏడు వెళ్ళండి. మంచు ఎక్కడికీ పోదు. ముందు మామగారిని డాక్టరుకు చూపించండి.