యానాం వాక్యానికి కర్త ఎవరు?



“ఫ్రెంచివారు యానాంను మనకు ఇచ్చివేశారు” అనే వాక్యం కనబడినప్పుడల్లా ఈ విశ్రాంత తెలుగు పండితుడి చేయి ఎఱ్ఱసిరా కలం కోసం వెదకుతుంది. కర్త తప్పు!

1954 జూన్ 13న దడాల రఫేల్ రమణయ్యగారి నాయకత్వంలో ఉద్యమకారులు యానాం పాలనను చేజిక్కించుకొన్నారు. అక్టోబరు 18న పుదుచ్చేరి సమీపంలోని కీళూరులో ఫ్రెంచి స్థావరాల ప్రజాప్రతినిధులు 170 మంది విలీనానికి అనుకూలంగా, 8 మంది ప్రతికూలంగా ఓటు వేశారు. నవంబరు 1న పాలన భారతదేశానికి వచ్చింది. ఒప్పందం 1956లో, చట్టరీత్యా బదిలీ 1962 ఆగస్టు 16న. జనం ముందు నడిచారు, కాగితం ఎనిమిదేళ్ళు వెనుకబడింది.

సంతకం లేనిదే భూమి రాదు కదా అంటారా? నిజమే. ఆ సంతకం పెట్టించినదెవరు?

ఈ భేదం మా గుమ్మఘట్టవారికి తెలుసు. 1800లో నిజాం ఈ సీమను కుంపిణీకి ధారపోసినప్పుడు మా పెద్దలను అడిగిన నాథుడు లేడు. అందుకే ‘దత్తమండలం’ అనిపించుకొన్నాం. 1928లో నంద్యాల సభ ‘రాయలసీమ’ అని పేరు పెట్టి ఆ మచ్చ కడిగింది. అదే మచ్చను యానాంకు పులమకండి. అక్కడ ప్రజలు కర్మ కారు, కర్తలు.