టీ బల్ల దగ్గరి చదువు
బ్రిటన్‌లో ఫ్యామిలీ డాక్టరు కావాలంటే 2020 దాకా ఓ చిత్రమైన పరీక్ష గట్టెక్కాల్సి వచ్చేది. అభ్యర్థి గదిలో కూర్చునే ఉండేవాడు. రోగుల వేషం కట్టిన నటులు పది నిమిషాలకొకరు చొప్పున 13 మంది వచ్చి బాధలు చెప్పుకునేవారు, పక్కనే ఎగ్జామినరు మార్కులు వేస్తుండేవాడు. అక్కడే వైద్యం చదివిన, మన పిల్లలతో సహా తెల్లవాళ్లు కాని అభ్యర్థులు కూడా ఇందులో తెల్లవాళ్ల కంటే బాగా ఎక్కువగా తప్పుతున్నారని 2013లో తేలింది. రాతపరీక్ష మార్కులు సమానంగా ఉన్నా అంతే! భారతీయ సంతతి వైద్యుల సంఘం కోర్టుకెక్కింది. పరీక్ష చట్టబద్ధమేనని 2014లో తీర్పొచ్చింది. వాదనంతా పరీక్ష చుట్టూనే తిరిగింది. నా అనుమానం మాత్రం వార్డు పక్కన టీ తాగే బల్ల మీద. "నొప్పి ఎన్నాళ్ల నుంచని అడిగావు సరే, ఆవిడ దేనికి భయపడుతోందో అడిగావా?" అని సీనియరు అంటాడు చూడండి, ఆ పాఠం సిలబస్ చదివినంత మాత్రాన ఒంటబట్టదు. సాయంత్రం పబ్బుకు తోడొచ్చే కుర్రాడికి అది చనువుగా అందుతుంది. పటేల్‌కో రెడ్డికో తప్పు చెబితే జాతివివక్ష అంటారేమోనన్న జంకుతో "వెరీ గుడ్" అని పంపేస్తారు. (మన ప్రొఫెసర్ల చీవాట్లే నయమనిపిస్తుంది, ఒక్కోసారి.) వైద్యవిద్యలో వివక్షను 2031కల్లా తుడిచేయాలని అక్కడి మెడికల్ కౌన్సిల్ లక్ష్యం పెట్టుకుంది. మంచిదే. పరీక్ష ఫలితాలతో పాటు, ఏ ట్రైనీకి ఎవరు ఎన్నిసార్లు మొహమాటం లేకుండా తప్పు చూపించారో కూడా ఆసుపత్రుల నుంచి లెక్క అడగమనండి.